సుగ్గికి పోయినోడిది ఏ ఊరు?

ఒక చోట ఉండే మనిషికి ఇంగ్లీషులో ఎన్ని పేర్లో! రెసిడెంట్, ఆక్యుపెంట్, సెటిలర్, మైగ్రెంట్, లోకల్. వినడానికి అన్నీ ఒకటే అనిపిస్తాయి. కానీ ఏ పేరు పడితే ఆ హక్కు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో మేము అడిగేది ఒక్కటే: 'యా ఊరు మీది?'

గుంటూరు నుంచి హైదరాబాదు పోయి ఇల్లు కట్టుకున్నాయన సెటిలర్. కోసిగి నుంచి అదే హైదరాబాదు పోయి ఆ ఇంటికి ఇసుక మోసినాయన మైగ్రెంట్ లేబర్. ఇద్దరూ ఊరొదిలినోళ్లే. తేడా ఎక్కడుందో వేరే చెప్పాలా? అడంగల్‌లో అనుభవదారు అనే గడి ఉంది. దాన్ని ఇంగ్లీషులో 'ఎంజాయర్' అని రాశారు. వాన రాక పత్తి ఎండిన చేన్లో మా రైతు ఎంజాయ్ చేస్తున్నాడన్నమాట!

మా ఊర్లు ఉన్నచోటే ఉన్నాయి, చిరునామాలే మారాయి. 1800లో నిజాం మమ్మల్ని ఇంగ్లీషు కుంపిణీకి అప్పగించాడు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి జిల్లా అన్నారు. 1953 అక్టోబర్ 1న బళ్లారి నుంచి తెంచి ఆంధ్ర రాష్ట్రంలో, కర్నూలు జిల్లాలో కలిపారు. 1956లో ఆంధ్రప్రదేశ్. 2014లో ఆ రాష్ట్రమూ రెండయింది. ఊరిని ఎటు చేర్చాలో ఏలినవాళ్లే రాసుకున్నారు. ఆ ఊరి మనిషి మాత్రం తాను ఇక్కడివాణ్నేనని కాగితం తెచ్చి రుజువు చేసుకోవాలి.

ఆ రుజువు ఎలాంటిది? హైదరాబాదు సంస్థానంలో 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం బయటివాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్లు అక్కడుండాలి, పాత ఊరికి తిరిగి పోనని ప్రమాణపత్రం ఇవ్వాలి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వరుసగా 4 ఏళ్ల చదువును లోకల్‌కు కొలత చేశాయి. స్థానికుల ఉద్యోగాలు కాపాడేందుకు వచ్చిన ఈ రక్షణలు కావాల్సిందే, మేము కాదనం. కానీ రెండూ కదలని మనిషినే లెక్కలోకి తీసుకుంటాయి. అమ్మానాయనల వెంట సుగ్గికి పోయి మిరప చేను గట్టున పడుకున్న పిల్లోడికి ఆ నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

జనాభా లెక్కల సంగతి చూడండి. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కించారు. ఆ రోజులన్నీ ఊర్లో లేనివాళ్లను ఊరి లెక్కలో రాయకూడదన్నది నిబంధన. ఎక్కడుంటే అక్కడే రాస్తారట. ఫిబ్రవరి అంటే గుంటూరు వైపు మిరప కోతల కాలం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో తాళాలు వేలాడే కాలం. చేలల్లోని గుడారాల దాకా ఏ ఎన్యూమరేటర్ పోతాడు? 2027 లెక్కలకూ మార్చి 1నే గీటురాయిగా పెట్టారు. లెక్కలో లేని ఊరికి బడి, ఆస్పత్రి, నిధులు ఏ లెక్కన వస్తాయి?

సుగ్గికి పోయినోడు ఊరు వదిలినోడు కాదు. ఉగాదికో, ఊరి జాతరకో, తొలకరికో తిరిగొస్తాడు. ఆ తిరిగి రావడమే ఆయన స్థానికతకు సాక్ష్యం. కాబట్టి సుగ్గికి పోయే ప్రతి కుటుంబం పేరు గ్రామ సచివాలయంలో రాయాలి. వాళ్లను సొంతూరి జనంగానే లెక్కించాలి. పిల్లలకు సీజనల్ హాస్టళ్లు కోతలు మొదలు కాకముందే తెరవాలి. అన్నిటికంటే ముందు తుంగభద్ర నీళ్లు మా చేలకు పారాలి. నీళ్లుంటే మా వాళ్లకు ఏ ఇంగ్లీషు పేరూ అక్కర్లేదు. ఊర్లోనే ఉంటారు.