ముక్కున్నది మూసుకోవడానికా?

వంటింట్లో పోపు మాడితే వీధి గుమ్మంలోంచే పసిగట్టి "ఏమిటా వాసన?" అని కేకేస్తారు మావారు. అదే నేను "ఏమండీ, బండి ఆగినప్పుడల్లా కమురు కంపు కొడుతోంది" అంటే మాత్రం, "బండన్నాక ఆయిలు వాసన రాక అత్తరు వాసనొస్తుందా?" అంటారు.

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. మా నాన్నగారి పాత స్కూటరు నాటిది. పెట్రోలు పోయించినప్పుడల్లా అందులో కొలిచి మరీ ఆయిలు కలిపించేవారు. రెండూ కలిసి కాలి పొగైపోయేవి. ఆ పొగ వాసన రాగానే నాన్న వచ్చేశారని మేం పుస్తకాలు ముందేసుకునేవాళ్ళం! కానీ మాది ఫోర్ స్ట్రోక్ మోటారు సైకిలు. దీని ఆయిలు ఇంజను లోపలే తిరగాలి. కంపు వచ్చిందంటే అది బయటికైనా కారుతూ ఉండాలి, లోపలైనా కాలుతూ ఉండాలి. అప్పటి స్కూటరు ధర్మం దీనికి అంటగడితే ఎలా చెప్పండి?

మావారికి తీరిక లేదని మెకానిక్ దగ్గరికి నేనే వెళ్ళాను. "సార్‌ని రమ్మనండమ్మా, ఆయనకి చెప్తా" అన్నాడు. ఆ బండి వాయిదాలు కట్టింది నా జీతంలోంచి! నాకే చెప్పమన్నాను. వంగైనా చూడకుండా "రింగులు పోయినయ్. బోరు చేయించాలి, ఆరు వేలవుద్ది" అన్నాడు. నాడి పట్టకుండా ఆపరేషన్ చెప్పే డాక్టర్ని ఊరుకుంటామా మనం?

రింగులు అరిగి ఆయిలు లోపల కాలుతుంటే సైలెన్సర్లోంచి నీలం పొగ రావాలి. వస్తే అతని మాట నేనూ వినేదాన్నే. ఎంత రేజ్ చేయించినా రాలేదు. పైగా కంపు వచ్చేది ఇంజను బాగా వేడెక్కి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే. స్టవ్ మీద ఒలికిన నూనె కూడా అంతే కదా, బర్నరు కాలాకే కమురుతుంది.

ఆదివారం ఇంజను చల్లగా ఉండగా గుడ్డతో శుభ్రంగా తుడిపించి, ఆరాక పిల్లల పౌడరు పల్చగా చల్లి, నాలుగు వీధులు తిరిగి రమ్మన్నాను. "బండికి బారసాలా?" అన్నారు మావారు. సరే, వెళ్ళొచ్చారు. తెల్లటి పౌడరు మీద టాపెట్ కవరు అంచు నుంచి కింది పైపు దాకా నల్లగా ఒకటే చార! గ్యాస్కెట్ గట్టిపడి కారుతోందన్నమాట. ఆయిలు కొలిచే పుల్ల తీస్తే గుర్తుకి ఎంతో కిందికి దిగిపోయింది. ఇంకొన్నాళ్ళు ముక్కు మూసుకుని తిరిగితే ఆయిల్లేక ఇంజనే అరిగిపోయేది. అప్పుడు అతనన్న బోరు నిజంగానే చేయించాల్సొచ్చేది.

గ్యాస్కెట్ మార్చి, ఆయిలు పోయడానికి అరగంట పట్టింది. అతనడిగిన ఆరు వేలల్లో పదో వంతు కూడా కాలేదు. "సార్ బాగానే కనిపెట్టారే" అంటూ బిల్లు మావారి పేరున రాశాడు మెకానిక్. అక్కడే నిలబడి, పేరు కొట్టేయించి, నాది రాయించుకుని మరీ వచ్చాను.