బండికి గూడు కట్టండి.. బండిని కోయొద్దు

ఆదివారం తెల్లారి కుడతినిలో రోడ్డు పక్క టీ అంగడి దగ్గర పావుగంట నిలబడితే చాలు. బళ్లారి వైపు నుంచి ఒకదాని వెనక ఒకటి చిన్న జీపులు వస్తాయి. జిమ్నీ, థార్, ఎక్కడో దాచి బాగుచేసుకున్న పాత జిప్సీ. కొన్నిటికి కేఏ-34 నంబరు, కొన్నిటికి ఆంధ్రా నంబరు. ముందర బుల్‌బార్, నెత్తిన ఇనుప చట్రం, దాని మీద మడిచిన టెంటు, వెనక నిచ్చెన, అద్దం పైన వరసగా లైట్లు. సండూరు కొండలకో, తుంగభద్ర ఒడ్డుకో ప్రయాణం. రాత్రి అక్కడే పడక.

సరదా తప్పేం కాదు. గనుల ధూళి, థర్మల్ బూడిద, లారీల హారన్లు. వారమంతా వీటి మధ్య బతికే జిల్లాలో ఒక రాత్రి చుక్కల కింద పడుకోవాలనుకోవడం అవసరమే అంటాను. నా పేచీ బండికి చేస్తున్న పని మీద. పది పదిహేను లక్షలు పోసి బండి కొంటారు. ఆ మీద ఇంకో రెండు మూడు లక్షలు పెట్టి కోయిస్తారు, వెల్డింగ్ పెట్టిస్తారు. అయ్యేసరికి బండి చట్టానికీ పనికిరాదు, కొండకూ పనికిరాదు.

మన తాతలకూ ఈ సరదా ఉండేది. మైలార జాతరకు కార్ణీకం వినడానికి పోవాలంటే ఎద్దుల బండికి వెదురు బద్దలు వంచి, చాప కప్పి గూడు కట్టేవాళ్లు. లోపల గడ్డి, గడ్డి మీద కంబళి, ఇరుసు కింద లాంతరు. దోవలో వండుకోవడం, తినడం, పడుకోవడం. జాతర అయి ఇల్లు చేరినాక గూడు ఎత్తి పశువుల పాక పైన పెట్టేవాళ్లు. మర్నాడు అదే బండి పెంట తోలేది. బండికి ఒక్క మేకు దెబ్బ తగిలేది కాదు. క్యాంపింగ్ బండి అంటే నా లెక్కలో అదీ. శుక్రవారం సాయంత్రం ఎక్కించింది సోమవారం పొద్దునకల్లా దిగిపోవాలి.

చిన్న జీపు ఇక్కడ కొత్త కాదు. మారుతీ జిప్సీ 1985లోనే వచ్చింది. అంతకు ముందు నుంచీ మహీంద్రా జీపులు పల్లెల్లో తిరుగుతూనే ఉన్నాయి. పదిమంది కూర్చునే కమాండర్ జీపులో ఇరవై మందిని ఎక్కించి, చాలకపోతే పైకప్పు మీద, వెనక మెట్టు మీద నిలబెట్టి తోలిన రోజులు నలభై దాటిన వాళ్లందరికీ గుర్తే. అవి పల్టీ కొట్టిన వార్తలూ ఈ పేజీల్లో వస్తూనే ఉండేవి. అప్పుడు పైన మనుషులు, ఇప్పుడు పైన టెంటు. బరువు పైకెక్కితే బండి ఒరుగుతుందనే సూత్రం మాత్రం మారలేదు.

జిమ్నీ లెక్కే చూద్దాం. ఐదు తలుపుల జిమ్నీ మన దేశంలో 2023 జూన్‌లో వచ్చింది, అప్పటి షోరూమ్ ధర 12.74 లక్షల నుంచి. పొడవు నాలుగు మీటర్ల లోపు. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిను, నాలుగు చక్రాలకూ పట్టు, ఎత్తు ఎక్కడానికి లో-గేరు, కింద నేలకు 210 మిల్లీమీటర్ల ఎడం. ఖాళీ బండి సుమారు 1,200 కిలోలు. మనుషులు, సామాను అంతా కలిపి 1,545 కిలోలు దాటకూడదని కంపెనీ లెక్క. అంటే మనం ఎక్కించగలిగింది 345 కిలోలు. మనిషికి 70 కిలోల చొప్పున నలుగురెక్కితే 280 పోయింది. మిగిలింది 65. ఇప్పుడు ఇనుప బంపరు, దానికి వించ్, పైన ఇనుప చట్రం, చట్రం మీద యాభై అరవై కిలోల టెంటు వేయండి. నీళ్ల క్యాను ఎక్కించకముందే లెక్క దాటిపోతుంది. ఆ టెంటు బరువు ఉండేది నేలకు ఐదున్నర అడుగుల పైన. సండూరు ఘాటులో వంపు తిరిగేటప్పుడు ఆ తేడా స్టీరింగు పట్టుకున్న వాడి చేతికి తెలుస్తుంది. పైకప్పు ఎంత బరువు మోస్తుందో మాన్యువల్లో రాసి ఉంటుంది. చిన్న బండ్లకు అది చాలా తక్కువ. బిగించేవాడు చెప్పడు, మనమే చదువుకోవాలి.

నలుగురు కూర్చుంటే ఆ బండిలో వెనక మిగిలే చోటు 208 లీటర్లు. సీట్లు మడిస్తే 332. కాబట్టి దాచుకోకుండా చెప్పాలంటే క్యాంపింగుకు అది ఇద్దరి బండి, పోనీ చిన్న పిల్లవాడితో కలిపి ముగ్గురిది. ఇద్దరయితే పైన టెంటే అక్కర్లేదు. ముందు సీట్ల తలగడలు తీసి వెనక్కి వాలిస్తే వెనక సీటు దాకా దాదాపు పరుపులా పరుచుకుంటాయి. గుంతలుండే చోట రెండు బొంతలు మడిచి పెడితే పడక అయిపోయె. కిటికీలకు దోమతెర గుడ్డ, అయస్కాంతాలతో అంటించేది, మన దర్జీలే కుట్టిస్తారు. వెనక తలుపు దగ్గర పట్టే కొలతకు ప్లైవుడ్ పెట్టె ఒకటి. అందులో స్టవ్వు, గిన్నెలు, తాళ్లు, టార్చి. బెల్టుతో కట్టి ఉంచాలి, బ్రేకు కొడితే నెత్తికి తగలకుండా. బండి పక్కన తాడు కట్టి టార్పాలిన్ దించుకుంటే వరండా. మొత్తం ఖర్చు కొన్ని వేలలో తేలుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా. స్టవ్వు గానీ బొగ్గుల కుంపటి గానీ మూసిన బండిలో వెలిగించొద్దు. చలికని వెలిగించుకుని పొద్దునకు లేవని వాళ్ల కథలు దేశమంతా ఉన్నాయి.

ఫ్రిజ్జు, రెండో బ్యాటరీ అంటారు. ఎందుకప్పా? ఎండబెట్టిన జొన్నరొట్టెలు వారాలు నిలవుంటాయి. పల్లీ పొడి, గురెళ్ల పొడి, ఉల్లిగడ్డ ఉంటే రాత్రి గడిచిపోతుంది. పొద్దున దోవలో ఏ ఊరాగినా ఉగ్గాని, బజ్జీ దొరుకుతాయి. అట్లే పెట్రోలు క్యాన్లు. 40 లీటర్ల ట్యాంకు నింపితే నాలుగైదు వందల కిలోమీటర్లు పోవచ్చు. కుడతిని నుంచి బళ్లారి దాదాపు పాతిక కిలోమీటర్లు. ఎడారికి పోతున్నామా, వెనక తలుపుకు క్యాన్లు వేలాడదీసుకోవడానికి?

టైర్ల సంగతి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, డబ్బు పెట్టాల్సింది అక్కడే కనుక. పెద్దవి కాదు, మంచివి. జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే చక్రం ఎత్తు దాదాపు ఆరు శాతం పెరుగుతుంది. మీటరు అరవై చూపిస్తుంటే బండి అరవై మూడు దాటి పోతుంటుంది. ఇంజిను మీద, బ్రేకు మీద భారం పెరుగుతుంది, మలుపులో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. ఇంత చేసినా మన నల్లరేగడి ముందు ఏ టైరూ మొనగాడు కాదు. తడిసిన రేగడి టైరు గాళ్లలో నిండిపోయి రెండు చుట్లలో దాన్ని నున్నటి బంతి చేసేస్తుంది. నాలుగు చక్రాలూ తిరుగుతాయి, బండి మాత్రం పక్కకు జారుతుంది. రేగడిలో సేద్యం చేసే రైతు వాన మర్నాడు బండి కట్టడు, ఎండ కోసం చూస్తాడు. మనం చేయాల్సిందీ అదే. ఇసుకలో, గులకరాళ్ల మీద అయితే టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి. అందుకు బండి సాకెట్టుకు తగిలించే చిన్న గాలి పంపు, గట్టి లాగుడు తాడు, చిన్న పార. ఈ మూడూ ఉంటే వించ్ పెట్టలేదని ఏడ్చే రోజు అరుదు. సండూరు వైపు ఎర్రధూళి తిని వచ్చినాక ఏర్ ఫిల్టరు విప్పి దులపడం ఇంకో పని. దీనికి పెద్దగా ఖర్చు కాదు గానీ, చేసేవాళ్లు తక్కువ.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి నిర్మాణం మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి 182-ఎ సెక్షన్ మార్చారు. అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బుల్‌బార్ల మీద చర్యలు తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. బుల్‌బార్ మన బండిని కాపాడేది కొంచెం, ఎదుట నడిచేవాడిని చంపేది ఎక్కువ. గుద్దుకున్నప్పుడు దెబ్బను మింగాల్సిన ముందు భాగాన్ని పని చేయనివ్వదు, ఎయిర్‌బ్యాగు సకాలంలో తెరుచుకోవడానికీ అడ్డమవుతుంది. వెనక సీటు శాశ్వతంగా పీకేసి మంచం వేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఆర్సీలో నలుగురని రాసుంటే బండిలోనూ నలుగురికి సీట్లుండాలి. ఇది కేంద్ర చట్టం. మన పక్క తప్పు, రాయదుర్గం పక్క ఒప్పు అనేది ఉండదు.

జరిమానా కట్టి బయటపడొచ్చు. అసలు భయం బీమాది. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే కంపెనీ వాళ్లు మొదట చూసేది ఆ మార్పునే. ఆ మార్పే ప్రమాదానికి కారణమని తేల్చితే క్లెయిము ఇరుక్కుపోతుంది. బ్యాంకు కంతులు మాత్రం ఆగవు.

అయితే తప్పంతా కుర్రాళ్లదే అనడానికి నాకు మనసొప్పదు. తీసి పెట్టగలిగే రాక్ ఒప్పా తప్పా, టైరు ఎంతదాకా మార్చొచ్చు, అదనపు లైటు ఎక్కడ పెట్టొచ్చు? ఇవి అడిగితే ఒక ఆఫీసులో ఒక మాట, చెక్‌పోస్టులో ఇంకో మాట. అమ్మేవాడు బిల్లిచ్చి బిగించి పంపుతాడు, రోడ్డు మీద పట్టుబడేది కొన్నవాడు. ఆర్టీఓ ఆఫీసు గోడ మీద ఒక జాబితా, కన్నడంలో, తెలుగులో, మామూలు జనానికి అర్థమయ్యే మాటల్లో పెడితే ఏం పోయింది? బిగించే అంగళ్లకూ అదే జాబితా ఇవ్వాలి. జరిమానా వేయాల్సి వస్తే మొదట అక్కడ వేయాలి.

ఎక్కడ పడుకోవాలనేది ఇంకో చిక్కు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండి తోలడం నేరం. సండూరు చుట్టూ అడవి చాలావరకు అదే. దరోజి 1994 నుంచి ఎలుగుబంట్ల అభయారణ్యం. ఆ చుట్టుపక్కల రాళ్లగుట్టల దగ్గర బెల్లం, వేరుశనగ తినేసి చెత్త పారేసి రావడమంటే ఎలుగును పిలవడమే. పాత గనుల గుంతల్లో నీళ్లు నిలిచి చూడ్డానికి చెరువులా ఉంటాయి. అంచు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. హెచ్చెల్సీ గట్టు కాలువ మనుషులకు గానీ మనకు కాదు. అన్నీ వద్దంటే ఎక్కడికి పోవాలి అని అడిగితే న్యాయమే. నా సలహా పొలం. తెలిసిన రైతును అడిగి, కోత అయిన చేలో, బోరు దగ్గర దిగండి. నీళ్లుంటాయి, మనుషులుంటారు, కుక్క మొరుగుతుంది. చేతిలో నాలుగు వందలు పెడితే ఆయనకూ ఆదాయం. పర్యాటక శాఖ కూడా కుమారస్వామి గుడి దారిలో ఒక స్థలం చదును చేసి, నీళ్లు, మరుగుదొడ్లు పెట్టి, రుసుము తీసుకోవచ్చు.

చివరగా మన ఊరి సంగతి. కుడతిని దగ్గర బళ్లారి–హోసపేట రోడ్డు పక్కన బూడిద దిబ్బ ఉంది. బూడికనమ అని పాత పేరు. కనమ అంటే మన కనుమే. కుడతినిలో బూడిద అనగానే జనం 1,700 మెగావాట్ల థర్మల్ స్టేషన్ వైపు చూస్తారు గానీ, ఈ బూడిద మూడు వేల ఏళ్లకు పైబడినది. 1899లోనే రాబర్ట్ సూయెల్ బళ్లారి బూడిద దిబ్బల మీద వ్యాసం రాశాడు. రాక్షసుడి చితి అని జనం కథ. పరిశోధకులు తేల్చింది, కొత్త రాతియుగం నాటి పశువుల దొడ్లలో పేరుకున్న పేడ కాలిన బూడిద అని. పాత పాలమూరు జిల్లా ఉట్నూరులో ఇలాంటి దిబ్బనే తవ్వితే ఆ కాలపు పశువుల గిట్టల అచ్చులు పొరల్లో అట్లాగే బయటపడ్డాయి. తవ్విన ఆల్చిన్ 1963లో పుస్తకమే రాశాడు.

జీపు తోలేవాడికి అలాంటి దిబ్బ కనిపిస్తే ఎక్కి దించాలనిపిస్తుంది, ఫొటో బాగా వస్తుంది. మెత్తటి పొరలు మరి. టన్నున్నర బండి ఒక్కసారి చక్రం గిర్రున తిప్పితే, వేల ఏళ్ల గిట్టల అచ్చులున్న చోట టైరు అచ్చు మిగులుతుంది. దాన్ని మళ్లీ పూడ్చలేం. దిబ్బ చుట్టూ బండి దూరని రాళ్ల వరస, కన్నడ, తెలుగు, ఇంగ్లీషుల్లో పెద్ద బోర్డు కావాలి. పంచాయతీ అడగాలి, పురావస్తు శాఖ చేయాలి. ఆదివారం గుంపుగా పోయే జీపుల వాళ్లు ఒక వారం కొండకు పోకుండా, ఆ రాళ్లు మోసుకొచ్చే పనికి బండ్లు ఇవ్వొచ్చు. లో-గేరు ఉన్నది అలాంటి పనికే.