పలక కింది నేల
అరకు లోయలో వినైల్ టైల్ ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చేది దాని కింది నేలే. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, వానాకాలమంతా ముసురు, చలికాలమంతా మంచు పట్టే ఈ కొండల్లో సిమెంటు గచ్చులోని చెమ్మ తొందరగా ఆరదు. గచ్చు మీద మూరెడు ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగంచులా టేపు వేసి ఒక రోజు వదిలేస్తే సంగతి బయటపడుతుంది. అడుగున నీటిబొట్లు కనిపించినా, గచ్చు నల్లబడినా పని ఆపాల్సిందే. ఆరాక ఎత్తుపల్లాలు సరిచేయాలి. 3 మీటర్ల పొడవున 5 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే టైళ్లను ఒకదానికొకటి బిగించే క్లిక్ లాక్ అతుకులు ఊడిపోవచ్చు. ఎర్రమట్టి, పేడతో అలికిన గిరిజనుల ఇంటి నేల మీద మాత్రం వినైల్ పరచనే కూడదు. ఆ నేల చెమ్మను గాలికి వదులుతూ ఉంటుంది. పైన మూతపడితే అడుగున బూజు పడుతుంది.