సిఫారసు లేఖ లేని ప్రతిభ

ఏటా నవంబరు, డిసెంబరు నెలలు వచ్చాయంటే కంప్యూటర్ శాస్త్ర పరిశోధకుల లోకంలో సందడి మొదలవుతుంది. దేశవిదేశాల విశ్వవిద్యాలయాల నుంచి ప్రకటనలు వెలువడతాయి. ఫలానా ఆచార్యుని వద్ద అల్గారిదమ్‌లపై పీహెచ్‌డీ చేసేందుకు రెండు స్థానాలున్నాయి, ఫలానా నగరంలో రెండేళ్ల పోస్ట్‌డాక్ ఖాళీ ఉంది, వేసవిలో వారం రోజుల శిక్షణ శిబిరం జరుగుతుంది, ప్రయాణ ఖర్చులు మేమే భరిస్తాం, ఆసక్తి ఉన్నవారెవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. చదివితే ముచ్చటేస్తుంది. తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయనిపిస్తుంది. రెండు దశాబ్దాలుగా ఇంజినీరింగ్ విద్యార్థులకు ఈ పాఠమే చెబుతున్న నాకు మాత్రం ఆ ప్రకటనలు చూసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. ఇవి ఎవరి చెవిన పడుతున్నాయి? ప్రకటన చివర చిన్న అక్షరాల్లో ఉండే ఆ ఒక్క వాక్యం, మూడు సిఫారసు లేఖలు జతపరచాలన్న వాక్యం, ఎవరిని లోపలికి పిలుస్తోంది, ఎవరిని గడప దగ్గరే ఆపుతోంది?

అల్గారిదమ్ అంటే ఒక సమస్యను పరిష్కరించే అంచెలంచెల పద్ధతి. తక్కువ అంచెల్లో పరిష్కరించగలమా, అంతకన్నా తక్కువలో అసాధ్యమని నిరూపించగలమా అన్నదే ఈ రంగంలోని పరిశోధన. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కాగితం, కలం, తీరిక ఉంటే చాలంటారు. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతిని కనిపెట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు. 2006లో ఆ ముగ్గురికీ గోడెల్ పురస్కారం దక్కింది. సిద్ధాంత పరిశోధనలో వయసుకూ హోదాకూ పని లేదని చెప్పడానికి ఈ ఉదాహరణను నేనూ తరగతిలో వాడతాను. అయితే అందులో మరో సంగతి కూడా ఉంది. బీటెక్ దశలోనే ఆ స్థాయి ఆచార్యుని గదిలో కూర్చుని తెరవని సమస్య మీద పనిచేసే అవకాశం ఆ ఇద్దరికి దొరికింది. కాగితం, కలం అందరికీ దొరుకుతాయి. ఆ గది దొరకదు.

ఇంత చౌకైన శాస్త్రంలో దళితులు, ఆదివాసులు ఎందుకు లేరన్న ప్రశ్నకు వెంటనే వచ్చే జవాబు ప్రతిభ. ఆ జవాబు ఎంత బలంగా పాతుకుపోయిందంటే దానికి చట్టరూపం కూడా వచ్చింది. 2006లో పార్లమెంటు కేంద్రీయ విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్ చట్టం చేసింది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం. ఆ చట్టం రాబోతోందని తెలిసి చీపుర్లు పట్టి వీధుల్లోకి వచ్చిన వైద్య విద్యార్థుల నిరసన మనలో చాలామందికి గుర్తుంది. ఆ చట్టంలోని 4వ సెక్షన్ మాత్రం ఎవరికీ గుర్తున్నట్టు లేదు. షెడ్యూలులో పేర్కొన్న విశిష్ట సంస్థలకు, పరిశోధన సంస్థలకు, జాతీయ, వ్యూహాత్మక ప్రాధాన్యం గల సంస్థలకు ఈ చట్టం వర్తించదని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ షెడ్యూలు తెరిచి చూడండి. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, అంటే టీఐఎఫ్‌ఆర్, అందులో ఉంది. హోమీ భాభా జాతీయ సంస్థ అనుబంధ కేంద్రాల వరుసలో చెన్నైలోని గణిత విజ్ఞాన సంస్థ ఉంది. ఈ దేశంలో సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రానికి పేరెన్నికగన్న చిరునామాలు పట్టుమని పది ఉంటే, వాటిలో ఈ రెండూ ముందు వరుసలోవి. అణు రియాక్టర్లకూ అంతరిక్ష పరిశోధనకూ వ్యూహాత్మక గోప్యత ఉందనుకుందాం. గ్రాఫ్‌లో అతి చిన్న దారి వెతికే పరిశోధనలో ఓ మాల పిల్లవాడో, గోండు పిల్లో చేరితే దేశభద్రతకు వచ్చే ముప్పేమిటో ఇంతవరకు ఎవరూ వివరించలేదు.

అధ్యాపక నియామకాల రిజర్వేషన్ కోసం 2019లో మరో చట్టం వచ్చింది. దానికీ అలాంటి మినహాయింపుల షెడ్యూలే తగిలించారు. మరుసటి ఏడాదే కేంద్రం నియమించిన కమిటీ ఒకటి, ఐఐటీలను కూడా ఆ మినహాయింపు జాబితాలో చేర్చాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక సమాచార హక్కు చట్టం ద్వారా గానీ బయటికి రాలేదు. మినహాయింపు పొందని ఐఐటీల సంగతే చూద్దాం. 2015 నుంచి 2019 వరకు ఐఐటీలు చేర్చుకున్న పీహెచ్‌డీ విద్యార్థుల్లో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతం. ఇవి పార్లమెంటుకు సమర్పించిన లెక్కలు. చట్టం చెప్పిన 15, 7.5 ఎక్కడ, ఇవి ఎక్కడ? 2023 జనవరిలో నేచర్ పత్రిక ప్రచురించిన కథనం ప్రకారం అగ్రశ్రేణి ఐదు ఐఐటీల్లో ప్రొఫెసర్లలో 98 శాతం ఆధిపత్య కులాలవారే. రేపు సిఫారసు లేఖలు రాసేది ఈ 98 శాతమే.

లేఖ విషయానికి వస్తే, స్వయంప్రకాశ ప్రతిభకు ప్రతీకగా మనం కొలిచే శ్రీనివాస రామానుజన్ జీవితాన్నే చూద్దాం. ఎఫ్.ఏ. పరీక్ష తప్పిన ఆ యువకుడు నోటు పుస్తకాలు పట్టుకుని మొదట రామస్వామి అయ్యర్‌ను కలిశాడు. అక్కడి నుంచి శేషు అయ్యర్ తదితరుల పరిచయాల మీదుగా, 1910 చివర్లో, నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు ముందుకు చేరాడు. పూర్తిగా అర్థంకాకపోయినా ఆ కలెక్టరు నెలకు 25 రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం చేరింది ఆ తర్వాతే. రామానుజన్ మేధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ మేధ వెలుగులోకి వచ్చిన దారిని గమనించమంటున్నాను. ఒకరి నుంచి ఒకరికి అందిన ఆ గొలుసులోని వారంతా ఒకే సామాజిక వర్గం. పరీక్ష తప్పిన ఒక మాదిగ యువకుడు అదే 1910లో ఆ కలెక్టరు బంగళా మెట్లెక్కగలిగేవాడా? పరీక్ష తప్పినా ఆదుకునే లోకం కొందరికి ఉంది. పరీక్ష నెగ్గినా అనుమానించే లోకం మరికొందరికి మిగిలింది.

వందేళ్లు గడిచాయి, గొలుసు ఆకారం మారలేదు. నా విద్యార్థి ఒకరు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా గిరిజన ఆశ్రమ పాఠశాలలో చదివి వచ్చాడు. మూడో ఏడాదిలో నేను పాఠంలో చెప్పిన ఒక నిరూపణలో అనవసరమైన మెట్టు ఉందని చూపించి దాన్ని సగానికి కుదించాడు. పరిశోధనకు పనికొచ్చే బుద్ధి అంటే అదే. అతడికి నేను మనసారా లేఖ రాశాను. కానీ నా సంతకం ఎవరికి తెలుసు? దేశంలోని ఒక పెద్ద సంస్థలో జరిగిన ఇంటర్వ్యూలో అతడిని అడిగిన మొదటి ప్రశ్న గణితం గురించి కాదు, గేట్ ర్యాంకు ఏ కేటగిరీలోదని. రెండోది, లేఖ రాసిన ఈ అధ్యాపకుడు ఎవరని. అదే గదిలో మరో అభ్యర్థి తెచ్చిన లేఖ, ప్యానెల్‌లోని ఒకరి పాత సహాధ్యాయి రాసింది. ఆ లేఖను చదవవలసిన పని కూడా పడలేదు. నా విద్యార్థి ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు. మంచి జీతమే. ఇంటికి డబ్బు పంపుతున్నాడు. ఆ నిరూపణ గురించి మాత్రం ఇప్పుడెవరూ అతడిని అడగరు.

తెలుగు నేల మీద అల్గారిదమ్‌లు చదవని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. అమీర్‌పేట సందుల్లో ఏ గోడ చూసినా దాని ప్రకటనే. డీఎస్‌ఏ అన్న మూడక్షరాలు ఇప్పుడు ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. కానీ అక్కడ అది ఇంటర్వ్యూ గండం దాటించే తాళంచెవి. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలను వేగంగా చేయడమే విద్య. జవాబు ఎవరికీ తెలియని ప్రశ్నతో ఏళ్లతరబడి కూర్చునే అవకాశం వేరే చోట, వేరే వారికి ఉంది. కులవ్యవస్థ పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషులను విభజిస్తుందని అంబేద్కర్ 1936లోనే చెప్పారు. మన కంప్యూటర్ రంగంలో ఆ నిచ్చెన కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. పై మెట్టున సిద్ధాంతం, కింద కోడింగు, ఇంకా కింద డేటాకు పేర్లు తగిలించే రోజువారీ చాకిరీ. 2008లో మొదలైన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఆరేళ్లు తమ దగ్గర ఉంచుకుంటాయి. సిద్ధాంత పరిశోధనకు ఇంతకన్నా అనువైన నేల ఏముంటుంది? అక్కడ కూడా ప్లేస్‌మెంట్ శాతాలే ప్రగతి పత్రాలు.

లోపలికి అడుగుపెట్టిన వారి సంగతి హైదరాబాద్‌కు వేరుగా చెప్పనక్కర్లేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008లో భౌతికశాస్త్ర విద్యార్థి సెంథిల్ కుమార్, 2013లో మాదారి వెంకటేశ్ మరణించిన తర్వాత చర్చకు వచ్చిన విషయం ఒక్కటే, గైడ్ కేటాయింపు. గైడ్ లేని పరిశోధక విద్యార్థి ఆ ప్రాంగణంలో ఉన్నా లేనట్టే లెక్క. 2016 జనవరి 17న మనల్ని విడిచి వెళ్లిన రోహిత్ వేముల తన ఆఖరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయిని ప్రస్తావించవలసి వచ్చింది. ఎస్సీ విద్యార్థులకు ఏటా 2000 జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయని గొప్పగా చెబుతారు. ఆ డబ్బు నెలనెలా చేతికి అందడమే పరిశోధన స్వేచ్ఛ. తండ్రి జీతం మీద ఆర్నెల్లు ఆగగలిగేవాడు కఠినమైన సమస్యను ఎంచుకుంటాడు. ఆగలేనివాడు త్వరగా పేపరు వచ్చే సమస్యను ఎంచుకుంటాడు. తరువాత ఆ పేపర్లను చూసి వీరిలో లోతు లేదంటారు.

సముద్రం దాటితే పరిస్థితి ఇంకో విధంగా ఉంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాల ప్రకటనల్లో తగిన ప్రాతినిధ్యం లేని వర్గాలను ప్రత్యేకంగా ఆహ్వానిస్తున్నామన్న మాట చాలాకాలం వినబడింది. ఆ లెక్కలో భారతీయులంతా ఆసియావారే. కంప్యూటర్ శాస్త్రంలో ఆసియావారికి కొదువ లేదు కాబట్టి అక్కడ దళితుడు కనబడకుండా పోతాడు. ఇక్కడ ఎక్కువమంది చేతిలో నలిగినవాడు, అక్కడ ఆ ఎక్కువమందిలో ఒకడిగా లెక్కకు వస్తాడు. 2020లో సిస్కో కంపెనీపై కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం కులవివక్ష దావా వేసినప్పుడు గానీ అమెరికన్లకు ఈ పదం చెవిన పడలేదు. ఇద్దరు ఇంజినీర్లపై వేసిన కేసును 2023లో ఉపసంహరించుకున్నా, ప్రశ్న మాత్రం మిగిలింది. 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, 2023లో సియాటెల్ నగరం కులాన్ని వివక్ష నిషేధ జాబితాలో చేర్చాయి. పరిశోధన స్థానాల ప్రకటనలకు ఆ స్పృహ ఇంకా చేరలేదు.

నిరూపణకు కులం లేదు కదా అని మిత్రులు అంటారు. నిజమే. అందుకే ఈ రంగంలోని పెద్ద సదస్సులు కొన్ని ఇటీవలి ఏళ్లలో రచయితల పేర్లు దాచి పత్రాలను పరిశీలించే పద్ధతికి మారాయి. పేరు చూస్తే తీర్పు మారుతుందని ఆ పరిశోధక సమాజమే ఒప్పుకున్నదన్నమాట. పత్రం విషయంలో ఒప్పుకున్న సత్యాన్ని ప్రవేశాల విషయంలో, నియామకాల విషయంలో ఎందుకు ఒప్పుకోరు? 1981 నుంచి మన దేశంలో ఏటా జరుగుతున్న ఎఫ్‌ఎస్‌టీటీసీఎస్ సదస్సు 2023లో హైదరాబాద్‌లోనే జరిగింది. గచ్చిబౌలి నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీలు ఎంతో దూరం లేవు. జిల్లా కాలేజీల పిల్లలను ఆ మూడు రోజులు వెనుక వరుసలో కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు బస్సు చార్జీ, భోజనం మాత్రమే.

కనుక అడగవలసినవి అడుగుదాం. రెండు చట్టాల్లోని మినహాయింపు షెడ్యూళ్లను రద్దు చేయాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ ఒక్క సవరణను సభలో ప్రస్తావించినా చాలు, ఎవరు దేనికి అడ్డుపడతారో దేశం చూస్తుంది. ప్రజాధనంతో నడిచే ప్రతి పరిశోధన సంస్థ ఎవరు దరఖాస్తు చేశారు, ఎవరిని పిలిచారు, ఎవరిని తీసుకున్నారు, ఎవరికి ఏ గైడ్‌ను ఎన్నాళ్లకు ఇచ్చారు అన్న వివరాలను సామాజిక వర్గాలవారీగా ఏటా ప్రకటించాలి. తొలి వడపోతలో సిఫారసు లేఖను పక్కనబెట్టి, అభ్యర్థి రాసిన ఒక నిరూపణను పేరు లేకుండా చదవాలి. రాష్ట్ర ఉన్నత విద్యామండళ్లు వేసవి శిబిరాలను హైదరాబాద్ హోటళ్లలో కాక బాసరలో, నూజివీడులో పెట్టాలి.

ఇవన్నీ జరిగేలోగా విద్యార్థులు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పరిశోధనకు గేట్ ఒక్కటే దారి కాదు. టీఐఎఫ్‌ఆర్ ప్రవేశ పరీక్ష సాధారణంగా డిసెంబరులో ఉంటుంది. చెన్నై గణిత విజ్ఞాన సంస్థలో సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రం చదవాలంటే జెస్ట్ అనే పరీక్ష ఉంది. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు బీటెక్ చదువుతున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఆ రెండు నెలల్లో పరిచయమయ్యే ఆచార్యుడే రేపు ఆ మూడు లేఖల్లో ఒకటి రాయగలడు. ఈ పరీక్షల్లో అడిగేది బీటెక్ మూడో ఏడాదికి మీరు చదివేసిన వివిక్త గణితం, సంభావ్యత, అల్గారిదమ్‌లే. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. గురుకుల డిగ్రీ కాలేజీల్లో, జిల్లా ఇంజినీరింగ్ కాలేజీల్లో పనిచేస్తున్న అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒకటే. ఈ సెప్టెంబరులో ఆ మూడింటి వివరాలను ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి, ప్లేస్‌మెంట్ నోటీసుల పక్కనే అంటించండి.