సాగదీస్తే పెరగని ముఖము



మా అమ్మ ప్రభువునందు నిద్రించి ఏడాది నిండినప్పుడు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకొన్నాము. మందిరము ముందు 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తుగల ఫ్లెక్సీ కట్టాలనుకొన్నాము. అమ్మ పడుచుతనములో దిగిన ఫోటో మా ఇంట ఒక్కటే ఉన్నది. పోస్టుకార్డు సైజు గ్రూపు ఫోటో. అందులో ఆమె ముఖము అరంగుళము. దానిని సెల్‌ఫోనుతో తీసి, వాట్సాప్‌లో షాపుకు పంపి, "అమ్మ ముఖం రెండడుగులు రావాలి" అని చెప్పాను.

కూడిక ఉదయమున ఫ్లెక్సీ విప్పి చూస్తే ముఖమున్న చోట బూడిదరంగు గళ్లు! మా పిన్ని దగ్గరకు వెళ్లి, తడిమి చూసి, "ఇది మా అక్కేనా నాయనా?" అన్నది. నేను తల వంచుకొన్నాను. షాపువారి తప్పేమీ లేదు, తొందర నాదే.

మీ ఇంట అట్లు జరుగకుండునట్లు, తర్వాత నేర్చుకొన్న సంగతులు చెబుతాను.

కంప్యూటరులో ఫోటో అంటే పిక్సెళ్లు అనే చుక్కల వరుసలే. బొమ్మను సాగదీస్తే చుక్కలు పెద్దవౌతాయి గాని, లేని కన్నూముక్కూ కొత్తగా రావు. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే అది చాలా చుక్కలను తగ్గించివేస్తుంది. అమ్మ ముఖానికి మిగిలినవి అడ్డముగా నూట ముప్పై చుక్కలు. వాటిని 24 అంగుళాలకు పరిస్తే అంగుళానికి ఐదారే వచ్చాయి. అందుకే గళ్లు. వాట్సాప్‌లోనే పంపవలసి వస్తే "డాక్యుమెంట్"గా పంపండి, చుక్కలు తగ్గవు. పెన్‌డ్రైవులో తీసికొనిపోతే ఇంకా మేలు.

పాత ఫోటోను సెల్‌ఫోనుతో తీయక, స్కానరుపై 1200 డి.పి.ఐ. వద్ద స్కాన్ చేయించండి. అప్పుడు అరంగుళపు ముఖానికి 600 చుక్కలు వస్తాయి. ఒక అడుగు వెడల్పున అచ్చువేస్తే అంగుళానికి 50. పదడుగుల దూరమునుండి చూచేవారికి అది చాలును. అంతకు మించి పెంచితే పాత కాగితములోని గరుకే పెరుగుతుంది. ఫ్లెక్సీ ఎంత పెద్దదని కాదు, ఫోటో ఎంత మోయగలదని చూచి ముఖము సైజు నిర్ణయించుకోవాలి.

అట్లని ఫైలును అవసరానికి మించి పెంచవద్దు. చేత పట్టుకొని చదివే పత్రికకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. దూరమునుండి చూచే ఫ్లెక్సీకి 72 నుండి 100 చాలును. 10 అడుగులకు 6 అడుగుల ఫ్లెక్సీ 72 వద్ద 8,640కి 5,184 చుక్కలౌతుంది. నాలుగు రంగుల సిరాకు ఫైలు సుమారు 180 ఎం.బి. అదే 300 పెడితే 3 జి.బి. దాటుతుంది. ఫోటోషాప్ మామూలు ఫైలు 2 జి.బి. మించి పట్టదు. కంప్యూటరు మొరాయించుటే గాని అందము పెరుగదు.

మరి మూడు జాగ్రత్తలు. డిజైను అయిన తర్వాత తెలుగు అక్షరాలను "కర్వ్స్"గా మార్చమని చెప్పండి. లేకపోతే, ఆ ఫాంటు లేని మరొక కంప్యూటరులో తెరిచినప్పుడు ఒత్తులూ గుడింతాలూ చెదరిపోతాయి. అయితే మార్చిన తర్వాత అక్షరము దిద్దుట కష్టము. కాబట్టి పేర్లు, తేదీలు, వాక్యము రిఫరెన్సు ముందే ఇద్దరు చదివి చూడాలి. అంచులు మడిచి రింగులు వేస్తారు గనుక చుట్టూ మూడంగుళాలు ఖాళీ విడువండి. తెరమీద మెరిసే నీలము, ఆకుపచ్చ సిరాలో కొంత మందగిస్తాయి. వీలైతే చిన్న ముక్క అచ్చు తీయించి చూచుకోండి.

మరుసటి సంవత్సరము కూడికకు అమ్మ ముఖము ఒక అడుగే వేయించాము. చుట్టూ చాలా ఖాళీ మిగిలినది. పిన్ని దూరమునే నిలిచి కాసేపు చూచి, "నవ్వు అట్లాగే ఉంది" అని కొంగుతో కళ్లు తుడుచుకొన్నది.

మీ ఇంట పెట్టెలోనూ అటువంటి ఫోటో ఒకటి ఉండవచ్చును. అవసరము వచ్చేవరకు ఆగక, చెమ్మ తగలకముందే స్కాన్ చేయించి, రెండు చోట్ల దాచుకోండి.