తుపాకి లైసెన్సు ఉన్నా పిట్టగోడ కట్టాలి

ధ్యాన భాగాలు: ఎజ్రా 8:21-23, నెహెమ్యా 4:9-18, ద్వితీయోపదేశకాండము 22:8



మన సంఘంలో చాలా ఇళ్ల పిల్లలు డాలస్‌లో, హ్యూస్టన్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. వారిలో కొందరు ఈ మధ్య ఒకే ప్రశ్న పంపుతున్నారు. "అయ్యగారూ, ఇక్కడ తుపాకి బట్టల చాటున వెంట ఉంచుకోవడానికి లైసెన్సు ఇస్తారు. విశ్వాసి తీసుకోవచ్చా? తీసుకుంటే ఏమేం కొనుక్కోవాలి?" ఇక్కడున్న తల్లిదండ్రుల ప్రశ్న ఇంకోలా ఉంటుంది. టీవీలో అమెరికా కాల్పుల వార్త చూసిన రాత్రి నిద్ర పట్టక, "మా వాణ్ణి కూడా ఒకటి కొనుక్కోమని చెప్పేదా అయ్యగారూ?" అంటారు.

ఈ భయం ఉత్తుత్తి భయం కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేథే పట్టణంలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపారు. రాత్రిపూట పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో పనిచేసే మన పిల్లల మీద దోపిడీలు జరిగిన వార్తలూ చదివాం. కాబట్టి "ప్రార్థన చేసుకో, అంతా మంచే జరుగుతుంది" అని ఒక్క మాటతో దాటేయడం కాపరికి తగదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చట్టం అనుమతించిన చోట లైసెన్సు తీసుకోవడం పాపం కాదు. కానీ లైసెన్సు అనుమతి మాత్రమే. ఆ అనుమతితో పాటు వచ్చే బరువు మోయడానికి సిద్ధంగా లేనివాడు తుపాకి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

1. ముందు చట్టం

మన దేశంలో తుపాకి లైసెన్సు కావాలంటే 1959 ఆయుధాల చట్టం కింద కలెక్టరుకో, నగరాల్లో పోలీసు కమిషనరుకో దరఖాస్తు పెట్టి, ఎందుకు కావాలో కారణం చూపాలి. ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్న తుపాకులు కూడా పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. అమెరికాలో తుపాకి ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ప్రత్యేకమైన అవసరం ఉందని రుజువు చేస్తేనే లైసెన్సు ఇస్తామన్న న్యూయార్క్ నియమాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్‌లో కొట్టేసింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుండి, అర్హత ఉన్న పెద్దలకు లైసెన్సు లేకపోయినా పిస్తోలు వెంట ఉంచుకునే వీలుంది. అయినా అక్కడ చాలామంది లైసెన్సు తీసుకుంటూనే ఉన్నారు. వేలిముద్రలు ఇవ్వాలి, నేర చరిత్ర పరిశీలిస్తారు, నాలుగు నుండి ఆరు గంటల తరగతి ఉంటుంది, రాత పరీక్ష ఉంటుంది. ఆ తర్వాత 3, 7, 15 గజాల దూరాల నుండి మొత్తం 50 తూటాలు కాల్చి, 250 మార్కులకు 175 తెచ్చుకోవాలి.

ఆ లైసెన్సు దేశమంతా చెల్లదు. టెక్సాస్‌లో తీసుకున్నదాన్ని న్యూజెర్సీ గుర్తించదు. డాలస్ అన్నయ్య పిస్తోలు కారులో వేసుకుని ఎడిసన్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తే, అక్కడ అతను నేరస్థుడవుతాడు.

మన పిల్లల్లో ఎక్కువమందికి అన్నింటికంటే ముఖ్యమైన సంగతి ఇది. ఎఫ్-1 చదువు వీసా మీద, హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. 15 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. కొద్ది మినహాయింపులు ఉన్నాయి. వేట లైసెన్సు ఉండటం వాటిలో ఒకటి. "యాభై డాలర్లు పారేస్తే వేట లైసెన్సు వస్తుంది, దాంతో తుపాకి కొనుక్కోవచ్చు" అని స్నేహితులు చెబుతారు. బాబూ, జన్మలో వేటకు వెళ్లే ఉద్దేశం లేకుండా ఆ కాగితం తీసుకోవడం చట్టానికి సరిపోతుందేమో, మనస్సాక్షికి సరిపోదు. పై అధికారులకు లోబడమని రోమా 13లో చదువుకున్నవాళ్లం మనం. వీసా మీద ఉన్న బిడ్డలకు నా జవాబు సూటిగా ఇదే: వద్దు. గ్రీన్‌కార్డు వచ్చినవారు, పౌరులైనవారు మాత్రం మిగతాది చదవండి.

2. ఎజ్రా, నెహెమ్యా

ఇద్దరు దైవజనులు ఒకే దారిలో, బబులోను వైపు నుండి యెరూషలేముకు ప్రయాణమయ్యారు. దారిలో దొంగల భయం ఇద్దరికీ ఉంది. ఎజ్రా సైనికుల్ని ఇమ్మని రాజును అడగడానికి సిగ్గుపడ్డాడు. మా దేవుడే మమ్మల్ని కాపాడతాడని రాజు ముందు సాక్ష్యం చెప్పి, మళ్లీ గుర్రపు రౌతుల్ని ఎలా అడుగుతాను అనుకున్నాడు. ఉపవాసముండి బయలుదేరాడు, క్షేమంగా చేరాడు. కొన్నేళ్ల తర్వాత నెహెమ్యా వచ్చాడు. రాజు సేనాధిపతుల్ని, రౌతుల్ని తోడిస్తే వద్దనలేదు. శత్రువులు బెదిరించినప్పుడు ప్రార్థనా చేశాడు, కాపలా కూడా పెట్టాడు. గోడ కట్టేవాళ్లు నడుముకు కత్తి కట్టుకునే పని చేశారు.

ఎజ్రాకు విశ్వాసం ఎక్కువ, నెహెమ్యాకు తక్కువ అని లేఖనం ఎక్కడా అనదు. దేవుని హస్తం ఇద్దరికీ తోడుగా ఉందని రెండు పుస్తకాలూ సాక్ష్యమిస్తాయి. కాబట్టి లైసెన్సు తీసుకున్న సహోదరుణ్ణి అవిశ్వాసి అనకండి. తీసుకోని సహోదరుణ్ణి తెలివితక్కువవాడు అనకండి.

ఇంకో మాట గమనించండి. ఆ గోడ 52 రోజుల్లో పూర్తయింది. ఆ రోజుల్లో ఒక్క కత్తి అయినా దూశారని ఆ గ్రంథంలో లేదు. ఆయుధం నడుముకే ఉంది, చేతులు మాత్రం గోడ కట్టాయి. వెంట ఆయుధం ఉన్న విశ్వాసికి కొలత ఇదే. నీ మనసు గోడ మీద ఉందా, కత్తి మీద ఉందా?

అమెరికా సంఘాలు ఈ రెండు దారులనూ కన్నీళ్లతో నడిచాయి. 2019 డిసెంబరులో టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ పట్టణంలో ఆరాధన మధ్యలో ఒకడు లేచి ఇద్దరిని కాల్చి చంపాడు. సంఘంలో కాపలా బాధ్యత తీసుకున్న ఒక సహోదరుడు దాదాపు ఆరు సెకన్లలో వాణ్ణి ఆపాడు. ఆయన దగ్గర ఆయుధం లేకపోతే ఇంకెందరు పోయేవారో. 2015 జూన్‌లో చార్లెస్టన్‌లో బైబిలు ధ్యానానికి వచ్చి కూర్చున్న ఒక యువకుడు తొమ్మిదిమందిని చంపాడు. రెండు రోజుల తర్వాత కోర్టులో, చనిపోయినవారి బంధువులు కొందరు వాడితో క్షమించామని చెప్పారు. ఆ మాటను ప్రపంచం ఇప్పటికీ మరచిపోలేదు. మొదటిదాన్ని నేను తప్పు పట్టలేను. రెండోదాని ముందు తల వంచకుండా ఉండలేను.

3. నాబాలు ఇంటి దారి

నాకు అసలు భయం దొంగ గురించి కాదు, దావీదు గురించి. 1 సమూయేలు 25లో నాబాలు రొట్టె ఇవ్వనన్నాడు, పైగా అవమానంగా మాట్లాడాడు. దావీదు వెంటనే అన్న మాట కత్తులు కట్టుకోండి అనే. నాలుగు వందలమంది బయలుదేరారు. దేవుని హృదయానుసారుడైన దావీదే ఒక అవమానానికి ఒక ఇంటి మగవాళ్లందరినీ చంపడానికి వెళ్తున్నాడు. అబీగయీలు గాడిదల మీద రొట్టెలు వేసుకుని ఎదురు రాకపోతే ఆ రక్తం జీవితాంతం అతని మీద ఉండేది.

రోడ్డు మీద ఒకడు కారు అడ్డం పెట్టి తిట్టాడనుకోండి. పార్కింగు దగ్గర మాటామాటా పెరిగిందనుకోండి. నడుముకు పిస్తోలు ఉన్నవాడికి ఆ గొడవలో గెలిచే హక్కు లేదు. క్షమాపణ చెప్పి వెళ్లిపోవడం అతని విధి, తప్పు ఎదుటివాడిదైనా సరే. కోపం తెచ్చుకునే అలవాటు ఉన్నవాడు, తాగే అలవాటు ఉన్నవాడు లైసెన్సు అడగకూడదు. మీ కోపం సంగతి మీ భార్యను అడగండి. ఆమె చెప్పే జవాబు రాత పరీక్ష కంటే ముఖ్యం.

ఆస్తి గురించి కూడా ఒక మాట. టెక్సాస్ చట్టం కొన్ని సందర్భాల్లో రాత్రి దొంగతనాన్ని ఆపడానికి ప్రాణం తీసే బలప్రయోగాన్ని కూడా అనుమతిస్తుంది. నిర్గమకాండము 22:2-3 చూడండి. రాత్రి కన్నం వేసే దొంగ చచ్చిపోతే ఇంటివాడి మీద దోషం లేదు, పొద్దు పొడిచాక చంపితే దోషం ఉంది. చీకట్లో వాడు దేనికొచ్చాడో తెలియదు. వెలుగులో తెలుస్తుంది. తెలిశాక దొంగ ప్రాణం కూడా దేవుని లెక్కలో ఉంది. గల్లాపెట్టెలో డబ్బు అడిగితే ఇచ్చేయండి. ఆ డబ్బు కోసం వాడూ చావకూడదు, మీరూ చావకూడదు.

4. ఏమేం కొనాలి?

అక్కడ లైసెన్సు ఉన్న మన సహోదరులను అడిగి తెలుసుకున్న సంగతులు చెబుతున్నాను. కొత్తవాళ్లు పిస్తోలు మోడల్ గురించి నెలల తరబడి వీడియోలు చూస్తారు. మిగతా వాటికి పది నిమిషాలు కేటాయిస్తారు. అది తలకిందుల వ్యవహారం. గ్లాక్ 19 లాంటి పిస్తోలు తూటాలు నింపితే దాదాపు 850 గ్రాములు ఉంటుంది. అంత బరువు రోజంతా కదలకుండా ఉండాలంటే మందపాటి గట్టి బెల్టు కావాలి. అంతకంటే ముఖ్యం హోల్‌స్టర్, అంటే తుపాకి ఒర. అది ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పేసే గట్టి ఒరై ఉండాలి. మెత్తబడి మడతపడిన పాత తోలు ఒర గానీ, చొక్కా అంచు గానీ ట్రిగ్గర్‌కు తగిలితే తూటా మీ తొడలోకే వెళ్తుంది. ఒర లేకుండా జేబులో, హ్యాండ్‌బ్యాగులో వేసుకోవద్దు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో, లైసెన్సు ఉన్న ఒక తల్లి దుకాణంలో ఉండగా, రెండేళ్ల కొడుకు ఆమె బ్యాగులో చెయ్యిపెట్టాడు. తుపాకి పేలి ఆ తల్లి చనిపోయింది. అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు కుర్రాడొకడు కొత్త తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడని 2024లో పత్రికల్లో చదివి మనమంతా ఏడ్చాం.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 22:8. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె మీద పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఆ ఇంటి మీద ఉంటుంది అన్నది దాని సారం. మిద్దె కట్టుకోవడం తప్పని దేవుడు అనలేదు, పిట్టగోడ లేకపోవడం తప్పన్నాడు. తుపాకి ఉన్న ఇంటికి పిట్టగోడ ఏమిటంటే, గోడకో నేలకో బిగించిన చిన్న ఇనప్పెట్టె. నడుము మీద లేని ప్రతి నిమిషమూ తుపాకి ఆ పెట్టెలో ఉండాలి. తాళం సంగతి పిల్లలకు తెలియకూడదు. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా తుపాకి వదిలేయడం టెక్సాస్‌లో కూడా నేరమే.

ఆ పెట్టె పిల్లల కోసమే కాదు. అమెరికాలో తుపాకి వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి, వీసా భయంతో, ఇంటికి చెప్పుకోలేక కుమిలిపోతున్న బిడ్డ గదిలో తుపాకి ఉండటమంటే, గట్టు లేని బావి పక్కన పడుకోబెట్టినట్టే. మీ మనసు బరువుగా ఉన్న రోజుల్లో ఆ తుపాకిని చట్టప్రకారం ఇంకొకరి దగ్గర ఉంచండి. నాకు ఫోను చేయండి. ఏ వేళైనా ఫరవాలేదు.

తుపాకి తీసుకోనివారు కూడా వెంట ఉంచుకోదగినవి ఉన్నాయి. మంచి టార్చిలైటు, రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే పెప్పర్ స్ప్రే, కారుతున్న రక్తం ఆపే టూర్నికెట్ పట్టీ. ఆ పట్టీ కట్టడం నేర్చుకోండి. తుపాకి వాడాల్సిన రోజు మీ జీవితంలో రాకపోవచ్చు. రోడ్డు ప్రమాదంలో ఒకరి ప్రాణం కాపాడే రోజు రావచ్చు. గెత్సేమనేలో పేతురు కత్తి మల్కు చెవి నరికితే, ప్రభువు చెయ్యి దాన్ని బాగుచేసింది. ఆ రెండు చేతుల్లో మనం ముందు నేర్చుకోవాల్సింది ఏ చెయ్యో మీకే తెలుసు.

ఇక్కడున్న తల్లిదండ్రులారా, మీ భయాన్ని ఫోనులో పిల్లల మీద పోయకండి. "ఒకటి కొనుక్కో నాయనా" అనే ముందు "రాత్రి డ్యూటీ మానగలవా? నీ దగ్గర ఎవరుంటున్నారు? దగ్గర్లో సంఘానికి వెళ్తున్నావా?" అని అడగండి. యెహోవా పట్టణాన్ని కాపాడకపోతే కావలివాడు మేల్కొని ఉండటం వృథా అని 127వ కీర్తన మనకు నేర్పింది. కావలివాణ్ణి పెట్టవద్దని మాత్రం నేర్పలేదు.

ప్రార్థన: ప్రభువా, దూరదేశంలో ఉన్న మా బిడ్డల రాకపోకలను కాయుము. ఆయుధం ఉన్నవారికి అబీగయీలు వంటి తోడునిమ్ము, లేనివారికి ఎజ్రా ధైర్యాన్నిమ్ము. మా ఇళ్లలో ఏ బిడ్డ రక్తమూ మా అజాగ్రత్త వల్ల చిందకుండా కాపాడుము. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.