మన్యపు బడిలో మంత్రగత్తె కథ

పిల్లల పుస్తకాలలో దయ్యాలకు, మంత్రగాళ్ళకు చోటుండవచ్చునా అనే వాదం కొత్తది కాదు. 1997లో బ్రిటనులో మొదలైన హ్యారీ పోటర్ నవలలు 2000-2009 దశాబ్దంలో అమెరికాలో అందరికంటె ఎక్కువ ఆక్షేపణలకు గురైనవని అక్కడి గ్రంథాలయ సంఘం లెక్క కట్టినది. తెలుగునాట అటువంటి నింద 'చందమామ' మోసినది. పసివారికి మూఢనమ్మకాలు నూరిపోస్తున్నదని అభ్యుదయవాదులే దానిని తప్పుపట్టినారు. ఆ పత్రికను 1952 నుండి 1980లో కన్నుమూసే వరకు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మాత్రం కరడుగట్టిన హేతువాది! ఇందులో వైరుధ్యమేమీ లేదు. బేతాళుడు భయపెట్టి ఊరుకోడు. చిక్కుప్రశ్న వేసి తీర్పు అడుగుతాడు. విక్రమార్కుడు కారణం చెప్పక తప్పదు. తర్కానికి అంతకంటె మంచి ఓనమాలు ఏ వాచకంలో ఉన్నవి?

అయితే అరకులోయకు వచ్చేసరికి ఈ సమాధానం చాలదు. అక్కడ 'చిల్లంగి' అన్నది కథలోని మాట కాదు. బిడ్డ జ్వరంతో పోయినా, పశువు కూలినా ఎవరో చిల్లంగి పెట్టినారన్న అనుమానం రేగి, విశాఖ మన్యంలో మనుషుల ప్రాణాలే పోయినవి. సరిహద్దుకు ఆవల ఒడిశా ప్రభుత్వం 2013లో మంత్రగత్తెలన్న నెపంతో జరిగే హింసను అరికట్టటానికి ప్రత్యేక చట్టమే చేసినది. అటువంటి చోట మంత్రగత్తె బొమ్మ ఉన్న పుస్తకాన్ని తరగతిలో విప్పటానికి వెనుకాడే ఉపాధ్యాయుని చూసి నవ్వటం మైదానంలో కూర్చున్నవారికి సులభమే.

ఆయన సందేహం న్యాయమైనదే గాని, అది తప్పు చోట పడుతున్నది. మాట్లాడే పులి, ఎగిరే తివాచీ ఎవరికీ కీడు చేయవు. పరీక్షించవలసినది మాయను కాదు, కథలో నేరం ఎవరి నెత్తిన పడుతున్నదో దానిని. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేయించిన హాన్సెల్, గ్రెటెల్ కథలో అడవిలో ఒంటరిగా ఉండే ముసలిదానిని పిల్ల పొయ్యిలోకి నెట్టుతుంది. వినే పిల్లలు చప్పట్లు కొట్టుతారు. ఊరి చివర గుడిసెలో ఒంటరి ముసలమ్మ నిజంగానే ఉన్న పల్లెలో ఆ చప్పట్లు వేరుగా వినిపిస్తవి.

అందుకని మాయకథలన్నిటినీ వెలివేస్తే మొదట పోయేవి పరదేశపు పుస్తకాలు కావు. 2004లో రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా బోధన ఆరంభించినది. కువి, కొండ, ఆదివాసీ ఒరియా వంటి ఆ భాషలలో పిల్లలు ఇంటి నుండి తెచ్చుకొనే సొత్తు అవ్వలు చెప్పిన కథలే. వాటిలో మాయ లేనివి ఎన్ని? బడి వాటిని గుమ్మం దగ్గరే ఆపివేసినంత మాత్రాన ఊరిలో భయం తగ్గదు. దానిని ప్రశ్నించే చోటు ఒకటి తగ్గుతుంది.

గ్రిమ్ కథనే చదివి, ముసలిది చెడ్డదని ఆ పిల్లలకు ఎట్లా తెలిసినదని ఉపాధ్యాయుడు అడగవచ్చును. కళ్ళతో చూసినారని తరగతి అంతా అరుస్తుంది. మరి ఫలానా ఆమె చిల్లంగి పెట్టినదని పెద్దలు అన్నప్పుడు చూసినవారెవరని ఆయన రెండవ ప్రశ్న వేయాలి. జవాబు వచ్చే వరకు, ఎంతసేపైనా సరే, పుస్తకం మూయకుండా ఆగాలి.